మీ అభిప్రాయం మాకు ముందే తెలుసు

2024 ఫిబ్రవరిలో ఇండియా టుడే, సీ ఓటర్ కలిసి దేశం నాడి పట్టి చూసిన ఫలితం ప్రకటించాయి. 35,801 మందిని అడిగామన్నారు. లోక్‌సభ స్థానాలు 543. భాగిస్తే స్థానానికి అరవై ఆరు మంది. మదనపల్లె, పుంగనూరు రాజంపేట లోక్‌సభ కిందికి వస్తాయి, కుప్పం చిత్తూరు కిందికి. ఒక్కో లోక్‌సభకు ఏడు శాసనసభ నియోజకవర్గాలు. మళ్ళీ భాగించండి. మదనపల్లెకు తొమ్మిది మంది, పుంగనూరుకు తొమ్మిది మంది, కుప్పానికి తొమ్మిది మంది.

ఆ తొమ్మండుగురు మహానుభావుల్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని నా కోరిక. ప్రధానమంత్రి పనితీరు, ఉత్తమ ముఖ్యమంత్రి ఎవరు, ధరలు, నిరుద్యోగం, అయోధ్య, అవినీతి, అన్నింటి మీదా వాళ్ళకు అభిప్రాయాలున్నాయి. అడిగిన వెంటనే చెప్పేంత తీరికా ఉంది. మదనపల్లె టీ అంగళ్ళలో గంటలకొద్దీ రాజకీయం మాట్లాడేవాళ్ళు వందలమంది దొరుకుతారు గానీ, 'నన్నడిగారబ్బా' అన్నవాడు ఇంతవరకు ఎదురుపడలేదు.

లెక్క తెలిసినవాళ్ళు నన్ను కసురుకుంటారు. దేశం మొత్తానికి ముప్పయి అయిదు వేలు ఎక్కువే, వెయ్యి మంది చాలు, నియోజకవర్గానికి ఎంతమంది అని పంచి చూడటమే అజ్ఞానం అంటారు. ఒప్పుకుంటాను. వెయ్యి మందితోనే నూట నలభై కోట్ల మంది మనసు కనుక్కోవచ్చు, రెండే రెండు షరతుల మీద. ఆ వెయ్యిలో పడే అవకాశం ప్రతి మనిషికీ సమానంగా ఉండాలి. పడ్డవాడు నిజం చెప్పాలి. మొదటి షరతు కుప్పం రైల్వే స్టేషనులో చచ్చిపోతుంది. రెండోది పుంగనూరు వాకిట్లో.

కుప్పంలో తెల్లవారుతూనే బెంగుళూరు రైలెక్కేవాళ్ళు చీకటి పడితే గానీ దిగరు. సర్వే అబ్బాయి ట్యాబు పట్టుకుని పదకొండు గంటలకు వస్తాడు. ఇంట్లో అవ్వ, తాత, కట్టేసిన బర్రె. పోనీ ఆ రైలెక్కినవాడికి ఫోను చేద్దామంటే అతని సిమ్ము కర్ణాటకది, కంప్యూటరు అతన్ని బెంగుళూరు మనిషి కింద ఎప్పుడో జమకట్టేసింది. మూడు రాష్ట్రాలు కలిసే చోట బతికేవాడికి ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పనిలో కన్నడం. ప్రశ్న మాత్రం ఢిల్లీలో పుట్టి హైదరాబాదులో తెలుగులోకి దిగిన సరుకు: 'రాజ్యాంగబద్ధ సంస్థల విశ్వసనీయత పట్ల మీరు ఏ మేరకు సంతృప్తిగా ఉన్నారు?' తాత ఒక నిమిషం ఆలోచిస్తాడు. 'రేషన్ బియ్యం సంగతేనా నాయనా? పర్వాలేదు, ఈ నెల తూకం సరిగానే వుండాది' అంటాడు. అబ్బాయి 'కొంతమేరకు సంతృప్తి' అన్న గడిలో టిక్కు కొడతాడు. ఆ రాత్రి ఢిల్లీ స్టూడియోలో ఒకాయన, దక్షిణాదిలో న్యాయవ్యవస్థ మీద నమ్మకం పెరిగిందని విశ్లేషిస్తాడు.

మదనపల్లె టమోటా మండీలో వేలం పాడే వ్యాపారి క్రేటు పైవరస చూసి బేరం ఒప్పుకోడు. చెయ్యి అడుగుదాకా దూర్చి చూస్తాడు. పైన ఎర్రటివి పేర్చి అడుగున పచ్చివీ పగిలినవీ సర్దడం ఎంత పాత విద్యో అతనికి తెలుసు, పోయేది తన డబ్బు కాబట్టి. 2023 జూలైలో కిలో 200 దాకా పోయినప్పుడైనా, కోతకూలి రాక తోటలోనే వదిలేసినప్పుడైనా అతని చెయ్యి అడుగు తాకాల్సిందే. సర్వే దుకాణంలో పైవరస చూసి లోడెత్తుతారు. లారీ ఢిల్లీ చేరాక అడుగు కుళ్ళిందని తెలిసినా, సరుకు కొన్నవాడు తిరిగి పంపడు. ఎందుకంటే అతనికి కావలసింది పైవరస ఫొటోనే.

పుంగనూరులో అయితే చెయ్యి దూర్చాల్సిన పనే రాలేదు. 2021 మార్చిలో అక్కడ పురపాలక ఎన్నికలు జరిగాయి. జరిగాయంటే, జరగలేదు. 31 వార్డులు, 31 ఏకగ్రీవాలు. పులివెందుల, మాచర్ల, పిడుగురాళ్ళలోనూ ఇదే వైభవం. ఏ సర్వే సంస్థా కలలో కూడా ఎరగని ఫలితం అది: ప్రజామోదం నూటికి నూరు, పొరపాటుకు ఆస్కారం సున్నా, అడిగినవాళ్ళ సంఖ్య సున్నా. మూడేళ్ళు తిరిగాయి. 2024 మే 13న అదే పుంగనూరులో మనిషికొక మీట ఇచ్చి, అట్ట అడ్డుపెట్టి అడిగారు. ఆ ఏకగ్రీవాలు దక్కిన వైసీపీ తరఫున పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి గెలిచారు, 6,095 ఓట్ల తేడాతో. పట్టణం వేరు, నియోజకవర్గం వేరు అని ఎవరైనా అంటే కాదనను. అయినా 'అందరూ మావాళ్ళే' అన్న ఊరి చుట్టూ ఇంచుమించు సగంమంది వేరే మాట దాచుకుని ఉన్నారు గదా, ఆ మూడేళ్ళూ వీళ్ళెక్కడికి పోయారు? ఎక్కడికీ పోలేదు. ఇళ్ళల్లోనే ఉన్నారు. సర్వే అబ్బాయికి మంచినీళ్ళిచ్చి 'అంతా బాగుండాది నాయనా' అని సాగనంపారు.

చెప్పక ఏం చేస్తారు? 2023 ఆగస్టు 4న చంద్రబాబు పర్యటనలో అక్కడ రాళ్ళు లేచాయి, పోలీసు వాహనాలు తగలబడ్డాయి, వందలమంది మీద కేసులు పడ్డాయి. అలాంటి ఊళ్ళో ముక్కూ మొహం తెలియని కుర్రాడు తలుపు కొట్టి, పేరు రాసుకుని, ఫోను నంబరు రాసుకుని, 'మీరు ఏ పార్టీకి అనుకూలం?' అంటే నిజం చెప్పేవాడు ధైర్యవంతుడు కాదు, పిల్లల్ని గురించి ఆలోచించనివాడు.

ఢిల్లీవాళ్ళు పుంగనూరును అసలు పట్టించుకోరని అంటే అన్యాయం. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు స్వయంగా మేత తినిపించారు. నడుమెత్తుకు మించని ఆ ముచ్చటైన జాతిని దేశమంతా టీవీలో చూసి మురిసిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన తొమ్మండుగురినీ అడుగుతున్నారు. వాళ్ళ మొహాలు మాత్రం ఏ టీవీలోనూ రాలేదు.

ఇంతకీ అడిగేది ఎవరు? ఈ ప్రశ్న మాత్రం ఏ ప్రశ్నాపత్రంలోనూ ఉండదు. 2019 ఆగస్టు నుంచి 2024 దాకా యాభై ఇళ్ళకొక వాలంటీరు ఉండేవాడు. ఒకటో తారీఖున పింఛను తెచ్చేది అతనే. 2023 ఏప్రిల్‌లో 'జగనన్నే మా భవిష్యత్తు' అంటూ ప్రశ్నల కాగితం పట్టుకుని, వైసీపీ గృహసారథి వచ్చినప్పుడు చాలాచోట్ల వెంట ఉన్నదీ అతనే. ప్రశ్నలు అయిదు. జవాబు 'అవును' అయితే తలుపుకు స్టిక్కరు, ఫోనుకు స్టిక్కరు, ఆ తర్వాత ఒక నంబరుకు మిస్డ్ కాల్. కోటికి పైగా మిస్డ్ కాల్స్ వచ్చాయని పార్టీ పండగ చేసుకుంది. పింఛను తెచ్చే మనిషిని వెంటబెట్టుకుని స్టిక్కరు తెస్తే, వద్దనే ముసలమ్మను ముందు నాకు చూపించండి. మరుసటి ఏడాది ఆ స్టిక్కర్ల పార్టీకి 175లో వచ్చినవి 11. తలుపు వాళ్ళదైంది, ఓటు కాలేదు.

పసుపు జెండా తెలుగుదేశంవాళ్ళు నవ్వుకోవద్దు. 2019కి ముందు వెలగపూడి సచివాలయంలో గోడంత తెర పెట్టుకుని, 1100కి ఫోన్లు చేయించుకుని, శాఖలవారీగా, జిల్లాలవారీగా సంతృప్తి శాతాలు లెక్కించిన ప్రభుత్వం ఎవరిది? కలెక్టర్ల సమావేశాల్లో దశాంశాలతో సహా సంతృప్తిని చదివి వినిపించినదెవరు? అంత సంతృప్తి చెందిన ప్రజలు 2019 మే 23న ఇచ్చినవి 23 సీట్లు. అభ్యర్థి ఎవరైతే బాగుంటుందో 1 నొక్కండి, 2 నొక్కండి అని అడిగే ఐవీఆర్‌ఎస్ గొంతు కూడా ఆ ఇంటి సొత్తే. ఇప్పుడు మళ్ళీ అదే గొంతు మోగుతోంది. పింఛను ఇంటి దగ్గరే ఇచ్చారా, ఇచ్చినవారు మర్యాదగా మాట్లాడారా. అవును అయితే 1. ఏదో ఒకటి నొక్కేదాకా ఆ అమ్మాయి ఊరుకోదు. పొయ్యి మీద కూర మాడిపోతుందన్న భయంతో నొక్కిన 1 కూడా సుపరిపాలన లెక్కలోకే పోతుంది.

ఈ సర్వేల కడుపులో ఏముందో ఎన్నికల సంఘానికి కూడా తెలిసిపోయింది. 2024 మే 2న పార్టీలన్నింటికీ తాఖీదు పంపింది: సర్వే పేరు చెప్పి ఓటర్ల వివరాలు రాసుకుని, గెలిచాక పథకాలిస్తామని ఆశపెట్టడం ఆపండి, అది లంచం కిందికి వస్తుంది అని. మే 13న పోలింగు. అంటే పదకొండు రోజుల ముందు. అప్పటికి రాసుకోవాల్సినవాళ్ళు రాసుకున్నారు, నొక్కాల్సినవాళ్ళు నొక్కేశారు.

కుప్పం సంగతి చూడండి. 1989 నుంచి చంద్రబాబు అక్కడ ఓడలేదు. 2019లో మెజారిటీ 30,722కు దిగింది. 2021 నవంబరులో పురపాలికలో 25 వార్డులకు 19 వైసీపీ పట్టుకుపోయింది. దాంతో పుట్టిందే వైసీపీ 'వై నాట్ 175' నినాదం. తెలుగులో అడిగితే కుప్పంవాళ్ళు జవాబు చెప్పేస్తారని భయం కాబోలు, ఇంగ్లీషులో అడిగారు. 2023 పొడుగునా టైమ్స్ నౌ, ఈటీజీ సర్వేలు రాష్ట్రంలోని 25 లోక్‌సభ స్థానాల్లో 24, 25 వైసీపీవే అని దండోరా వేశాయి. వచ్చినవి 4. కుప్పంలో చంద్రబాబు మెజారిటీ 48,006. సర్వేలో ఇరవై స్థానాలు గల్లంతైతే ఒక్క ఛానలూ దాన్ని వార్తగా వెయ్యలేదు. టమోటాలు ఇరవై క్రేట్లు గల్లంతైతే మదనపల్లెలో పోలీసు కేసు.

మన తెలుగువాళ్ళకు ఈ విద్యలో ఢిల్లీ గురువులు అవసరం లేదు లెండి. సర్వేలు చెప్పే లగడపాటి రాజగోపాల్‌ను ఆంధ్రా ఆక్టోపస్ అన్నాం. 2018లో తెలంగాణలో మహాకూటమికి 65, టీఆర్ఎస్‌కు 35, అటూ ఇటూ పది అన్నారు. టీఆర్ఎస్‌కు 88 వచ్చాయి. 2019లో టీడీపీకి 100, మళ్ళీ అటూ ఇటూ పది అన్నారు. 23 వచ్చాయి. ఆ 'అటూ ఇటూ పది' అనేది ఎంత అందమైన ఏర్పాటో గమనించండి, తప్పుకు కూడా హద్దు గీసుకున్న వినయం. అయినా ఆయన్ను వేళాకోళం చేయడానికి నాకు నోరు రాదు. మర్నాడే ఇక సర్వేలు చెయ్యనని ప్రకటించి పక్కకు తప్పుకున్నారు. ఈ వ్యాపారంలో తూకం తప్పిందని తక్కెడ దించినవాళ్ళు నాకు తెలిసి ఇంకెవరూ లేరు.

2024లో ఆంధ్ర ఓటు వేసింది మే 13న. దేశంలో చివరి విడత జూన్ 1న. అందాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదని చట్టం, ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఏ. ఆ పందొమ్మిది రోజులు మన ఊళ్ళు ఎలా గడిపాయో తెలిసినవాళ్ళకు తెలుసు. లక్షకు లక్ష, ఎకరాకు ఎకరా, మోటారు సైకిలుకు మోటారు సైకిలు. సర్వేకు అసలు గిరాకీ ప్రజాస్వామ్య విశారదుల దగ్గర లేదు, పందెంరాయుళ్ళ దగ్గరుంది. జూన్ 1 సాయంత్రం ఆరా మస్తాన్ వైసీపీకి 94 నుంచి 104 అన్నారు, సగం రాష్ట్రం పందెం పెంచింది. కేకే సర్వే టీడీపీ కూటమికి 161 అంది, మిగతా సగం పెంచింది. 164 వచ్చాయి. కేకేకు లెక్క తెలిసే ఉండవచ్చు, దాన్ని నేను తీసెయ్యను. కానీ ఇరవైమంది ఇరవై నంబర్లు చెప్పాక ఒకరి నంబరు దగ్గరకొస్తే, అది శాస్త్రమా జాతకమా అని అడిగే ఓపిక మనకెప్పుడుంది? పూలదండ వేసేశాం.

పెద్దవాళ్ళ పందేలు పెద్దగానే ఉంటాయి. ఎన్డీయేకు 361 నుంచి 401 అని యాక్సిస్ మై ఇండియా చెప్పింది. జూన్ 3న సెన్సెక్స్ రెండున్నర వేల పాయింట్లు ఎగిరింది. 4న ఎన్డీయేకు 293 వచ్చాయి, సెన్సెక్స్ 4,390 పాయింట్లు కూలింది. ఆ సంస్థ అధినేత ప్రదీప్ గుప్తా కెమెరా ముందే కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్ళ వెనక ఎవరెవరి ఇళ్ళ కాగితాలు తాకట్టులో పడ్డాయో ఏ ఛానలూ సర్వే చెయ్యలేదు. అక్టోబరు కల్లా అందరూ కళ్ళు తుడుచుకుని హర్యానాలో కాంగ్రెస్‌ను గెలిపించే పనిలో పడ్డారు. 90లో 48 తెచ్చుకుని బీజేపీ గెలిచింది. ఆ తర్వాత ఇంకో రాష్ట్రం. ఎన్నికలు అయిపోయే దేశం కాదు మనది, ఆ ధీమాతోనే దుకాణాలు నడుస్తున్నాయి.

అడక్కుండా చెప్పిన అభిప్రాయం మాటేమిటి? 2022 జనవరిలో కొత్త జిల్లాల ముసాయిదా వేసి, అభ్యంతరాలుంటే ముప్పయి రోజుల్లో చెప్పండి అన్నారు. మదనపల్లె చెప్పింది. జిల్లా కేంద్రం మాకే కావాలని అర్జీలు పెట్టింది, ధర్నాలు చేసింది, రోడ్డెక్కింది. తొమ్మిది మంది కాదు, ఊరు ఊరంతా. ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా పుట్టింది, కేంద్రం అప్పట్లో రాయచోటి అయింది. రోడ్డు మీద అరిచి చెప్పిన మాటకు శాతం కట్టే యంత్రం అప్పటికింకా రాలేదు కాబోలు.

అన్ని సర్వేలూ బూటకం అనే మొరటుతనం కూడా నాకు ఇష్టం లేదు. 2017లో అమెరికా వాళ్ళ ప్యూ సంస్థ అడిగితే భారతీయుల్లో 85 శాతం ప్రభుత్వాన్ని నమ్ముతామన్నారు. అదే నోటితో 53 శాతం మంది, సైన్యం ఏలినా బాగే అన్నారు. దీన్ని చూసి పండితులు తలలు పట్టుకున్నారు. మా జిల్లాలో నాలుగు రోజులు తిరిగి ఉంటే పట్టుకునేవాళ్ళు కారు. ఇంటికొచ్చిన మనిషి మొహం మీద 'కాదు' అనడం మా దగ్గర అమర్యాద. ప్రభుత్వం మంచిదేనా అంటే మంచిదే. సైన్యం మంచిదేనా అంటే అదీ మంచిదే. టీ తాగుతారా అంటే అడగవచ్చినాయనా అవుననే అన్నాడు గదా.

మర్యాదకు అందని జవాబు ఒకటుంది. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడిగారు. చెప్పకుండా బయటికి పోతే, వంట సరిగా చెయ్యకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే, ఎదురు మాట్లాడితే, ఇలా ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా మొగుడు పెళ్ళాన్ని కొట్టడం సబబేనా అని. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 84 మంది సబబే అన్నారు. తెలంగాణలోనూ అంతే. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్ళవే. దీని మీద ప్రైమ్ టైమ్ చర్చ చూశారా? పందెం కాశారా? 'వై నాట్ 100' అని ఎవరైనా అన్నారా? ఓటు ఎవరికేశావంటే గొంతు తగ్గించి, తలుపు వైపు చూసి, అంతా బాగుండాది అనే మనిషి, తన వీపు మీద దెబ్బల సంగతి అడిగితే సబబేనని జంకు లేకుండా ఒప్పేసుకుంది. ఏది చెప్పడానికి భయపడాలో, ఏది భయపడకుండా చెప్పేయవచ్చో అంత చక్కగా నేర్పిన మనం, ఆమెను పట్టుకుని జాతీయ సంస్థల విశ్వసనీయత గురించి అడుగుతున్నాం.

సర్వే కాగితంలో నాకు నచ్చే గడి ఒక్కటే, 'చెప్పలేం'. మదనపల్లెలోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువు అని వేలమంది నమ్మి, ఒక సంఘం కట్టి, ఆయన్ను దానికి అధిపతిని చేశారు. ఏ సర్వేలోనూ ఏ నాయకుడికీ రాని ఆమోదం. 1929లో ఆయన ఆ సంఘాన్నే రద్దు చేసి ఎవరి దారిన వాళ్ళను పొమ్మన్నారు. ఇవాళ అయితే ఆయన్ను ఏ గడిలో వేస్తారు? 'చెప్పలేం'లోనే. తర్వాత ఆ గడిని ఏం చేస్తారో తెలుసు గదా. టీవీలో 'చెప్పలేం' అని తెర నింపితే ప్రకటనలు రావు. అందుకని ఆ గడిలో పడ్డవాళ్ళను మిగతా పార్టీలకు వాటి వాటి బలాన్ని బట్టి పంచేస్తారు. నోరు తెరవనివాడికి కూడా అభిప్రాయం అంటగట్టే సదుపాయం.

పలమనేరు దారిలో ఒక పల్లె. ఏ పల్లె అని అడక్కండి, అన్నింట్లోనూ జరుగుతుంది. సర్వే అబ్బాయి ట్యాబు తెరిచాడు.

'అవ్వా, ఇప్పటికిప్పుడు ఎన్నికలొస్తే ఓటు ఎవరికేస్తావు?'

'కూసో నాయనా, ఎండన పడి వచ్చినావు. మజ్జిగ తాగు. యా వూరు మీది?'

చెప్పాడు. మీ నాయనేం చేస్తాడు, భూమెంత, నీళ్ళుండాయా, అక్క పెండ్లికి ఎంత అప్పయింది, ఈ మిషను పట్టుకుని తిరిగితే రోజుకెంతిస్తారు, ఇంతవరకు అన్నీ చెప్పాడు. మజ్జిగ గ్లాసు ఖాళీ అయ్యేలోపల అవ్వ అతని కులం, అమ్మగారి ఊరు, పెండ్లి సంబంధాల జాప్యం వరకు రాబట్టేసింది. ఒక్క ప్రశ్నకూ 'చెప్పలేం' రాలేదు.

'అయితే నువ్వెవరికేస్తావు నాయనా ఓటు?'

'అది మాత్రం చెప్పకూడదవ్వా. మా కంపెనీ రూలు.'

'మా ఇంట్లో కూడా అదే రూలు నాయనా.'

అబ్బాయి 'చెప్పలేం' గడిలో టిక్కు కొట్టుకుని పక్కింటికి పోయాడు. రాత్రికి హైదరాబాదులో కంప్యూటరు ఆ అవ్వను తీసుకుని నూటికి నలభై అయిదు పాళ్ళు ఒక పార్టీకి, నలభై పాళ్ళు ఇంకో పార్టీకి, మిగిలిన పదిహేను పాళ్ళు ఇతరులకూ పంచిపెట్టింది.